వంటింటి డబ్బా, అటక మీద బస్తా

నా చిన్నప్పుడు, ఛత్తీస్‌గఢ్‌లోని బీర్‌గావ్‌లో ఉండగా, మా ఇంట్లో బియ్యం రెండు చోట్ల ఉండేవి. రోజువారీ వాడకానికి వంటింట్లో ఒక డబ్బా, మూతి కుట్టేసిన బస్తా అటక మీద. నాన్న సిల్తారాలో ఉక్కు ఫ్యాక్టరీకి వెళ్ళేవారు. శ్రీకాకుళం నుంచి మాతో వచ్చిన నాయనమ్మ ఇంట్లో దేవుణ్ణీ నన్నూ చూసుకునేది.

ఆ ఏడు స్కూలు తరఫున జిల్లా పరుగుపందేలకి వెళ్ళాలని నాకు ఒకటే పిచ్చి. నేను ఎంపికయ్యేదాకా నా చేత శనివారాలు ఉపవాసం చేయిస్తానని నాయనమ్మ వెంకన్నకి మొక్కేసింది. శుక్రవారం రాత్రి నుంచే అన్నం బంద్. మర్నాడు పొద్దున్నే ఎంపిక. సగం దూరం బాగానే పరిగెత్తాను. తర్వాత కళ్ళు బైర్లు కమ్మి గ్రౌండులోనే కూలబడ్డాను. సార్ జాలిపడి, వచ్చే శనివారం ఇంకొక్క అవకాశం ఇస్తానన్నారు. నాయనమ్మేమో మొక్కు తప్పితే కళ్ళు పోతాయంది. నాకు ఏడుపొక్కటే తక్కువ.

పక్కింటి దీదీ ఛత్తీస్‌గఢీ పిల్ల, నర్సింగ్ చదివేది. మర్నాడు సంగతి విని నా చేతిలో, నాయనమ్మ చేతిలో చెరో ముద్ద వట్టి అన్నం పెట్టి, మింగకుండా నములుతూ ఉండమంది. కాసేపటికి నోరు తియ్యగా అయింది. బెల్లం కలిపిందేమోనని నాయనమ్మ అనుమానంగా చూసింది. ఆవిడకి హిందీ అంతంతమాత్రం కనక దీదీ చెప్పిందంతా నేనే తెలుగులో చెప్పాను. అన్నమే ఒంట్లో చక్కెరవుతుందట. అప్పటికి అక్కర్లేనిది కాలేయమూ కండలూ దాచుకుంటాయట. అది వంటింటి డబ్బా లాంటిది. మనం నిద్రపోతున్నా కాలేయం తన డబ్బాలోంచి తీసి రక్తంలోకి వదులుతూనే ఉంటుంది. రాత్రి తినకపోతే పొద్దుటికి అడుగంటుతుంది. డబ్బా నిండాక మిగిలింది కొవ్వయి అటకెక్కుతుంది. పరుగు మధ్యలో బస్తా దింపి కుట్లు విప్పే తీరిక ఒంటికి ఎక్కడిది అంది దీదీ.

ఆ శుక్రవారం రాత్రి నాయనమ్మ నా కంచంలో అన్నం వడ్డించి, "మొక్కింది నేను కదే. ఉపాసం నేనుంటాను. నువ్వు తిని పరిగెట్టు" అంది.

ఎంపికయ్యాను. ఆ కబురుతో ఇంటికొస్తే నాయనమ్మ గోడకి జారగిలబడి ఉంది, చేతులు వణుకుతున్నాయి. మొక్కు తీరిపోయిందని చెప్పి, పెరుగన్నం కలిపి నేనే ముద్దలు పెట్టాను.

ఇప్పుడు నేనూ పిల్లలకి పరుగు నేర్పుతున్నాను. తిన్నారా అని అడగనిదే గ్రౌండులోకి రానివ్వను. తిన్నామంటే ఊరుకోను. ఇంట్లో పెద్దవాళ్ళు తిన్నారా అని కూడా అడుగుతాను.