మజ్జిగలో పొడి

మొన్న ఆదివారం పొద్దున కోడలు వంటింట్లో నా పక్కన కూర్చుని, సంచిలోంచి ఒక చిన్న పొట్లం తీసి నా చేతిలో పెట్టింది. తాగుడు మాన్పించే పొడి అట. వినుకొండ బస్టాండు దగ్గర ఎవరో ఇస్తే తెచ్చింది. నా కొడుకుకి తెలియకుండా మజ్జిగలో కలపాలట. వాడి చేతిలోంచి ఈమధ్య టీ గ్లాసు జారుతోంది, భుజం ఊరికే ఎగురుతోంది, నడుస్తుంటే అడుగు తూలుతోంది. ట్రాక్టరు యజమాని తాగి పనికి రావద్దని వాణ్ణి ఇంటికి పంపేశాడు. నేను పొట్లాన్ని అటూ ఇటూ తిప్పి చూశాను. పేపరు ముక్కను మడిచి తెల్లదారం చుట్టిన తీరు కూడా మారలేదు. ముప్పై ఏళ్ల కిందట అలాంటి పొట్లమే నేనూ కొంగున కట్టుకుని ఇంటికి తెచ్చాను.

నేను బడికి పోయింది రెండేళ్లే, సంతకం మించి రాయలేను. నేను చెబుతుంటే ఇదంతా రాస్తున్నది ఆ కోడలే.

మా కాపురం మాచవరం దగ్గర మెరక పల్లెలో. అప్పట్లో ఊరికి ఒకటో రెండో ట్రాక్టర్లు. పత్తి గింజ పెట్టేముందు ఎద్దులతో చేనంతా నిలువునా అడ్డంగా గీతలు గీయడాన్ని అచ్చు తోలడం అంటాం, మన ఈడు వాళ్లకు నేను వేరే చెప్పక్కర్లేదు. మా ఆయన అచ్చు తోలితే గట్టు మీద నిలబడి ఒంటికన్నుతో చూసినా ఈ కొస నుంచి ఆ కొసకు దారం లాగినట్టు ఉండేది. తొలకరి పడిందంటే పెద్ద రైతులు సైతం తెల్లవారకముందే మా గుమ్మం ముందుకు వచ్చి, ముందు మాకు, ముందు మాకు అని వాదులాడుకునేవాళ్లు. ఆ గొడవ వింటూ పొయ్యి రాజేయడం నాకు ఎంత గర్వంగా ఉండేదో.

అలాంటి మనిషి ఒక ఏడు తోలిన గీతలు వంకర పోయాయి. ఆయనకు బావ వరసయ్యే పక్క చేను రైతు అందరి ముందూ నవ్వాడు.

"ఏంది బావా, చేలో పాము పాకినట్టు తోలావు? పొద్దున్నే ఏసుకొచ్చావా ఏంది?"

ఈయన తన చేతుల వంకే చూసుకున్నాడు. ఆ ఏడు నుంచి ఎన్నడూ కసిరి ఎరగని మనిషి కంచం విసిరికొట్టడం నేర్చాడు, కూర్చున్న చోట వేళ్లు ఊరికే కదిలేవి. ఊరంతా తాగుడన్నారు, నేనూ నమ్మాను. ఆయన నిద్రపోయాక నోటి దగ్గర ముక్కు పెట్టి వాసన చూసేదాన్ని. వాసన రాకపోతే, అబ్బో, ఎంత తెలివిగా తాగుతున్నాడో అనుకునేదాన్ని తప్ప, తాగలేదేమో అని నాకు తట్టలేదు. క్రోసూరు పోయి పొడి తెచ్చి, రోజూ మధ్యాహ్నం మజ్జిగలో కలిపి ఇచ్చాను. పాపం వాంతులు చేసుకుని చిక్కి సగమయ్యాడు. గుమ్మంలో చింతపండు గింజలు తీస్తూ మా అత్త అంతా చూసింది, కానీ నోరు విప్పలేదు.

ఆయన గట్టు మీద నుంచి పడి తల పగలగొట్టుకున్న రోజున విప్పింది.

"తాగుడు కాదే అమ్మాయ్. మీ మామకూ ఇట్టాగే అయింది. ముందే చెప్తే మీయమ్మోళ్లు పిల్లనిచ్చేవోళ్లా?"

నేను ఆమెను అనరాని మాటలన్నీ అన్నాను. తర్వాత ఆయన దగ్గర కూర్చుని, పొడి సంగతి చెప్పి ఏడ్చాను. ఆయన నవ్వాడు.

"తెలుసు లేవే. మజ్జిగ చేదుగుంటే తెలవదా? నేను తాగటంలా అంటే నువ్వు నమ్మవు. ఇది తాగితే అన్నా నమ్ముతావని తాగా."

చానా ఊళ్లు తిరిగాక గుంటూరులో ఒక డాక్టరు దాని పేరు చెప్పాడు. హంటింగ్టన్ జబ్బు. నాకు నోరు తిరగక బస్సులో ఇంటిదాకా నెమరేసుకుంటూ వచ్చాను. రక్తంలో వచ్చేదట, నయం కాదట, పుట్టిన ప్రతి బిడ్డకూ బొమ్మా బొరుసా వేసినట్టేనట.

ఇక అక్కడి నుంచి నా చదువు మొదలైంది. మంచం మీద నుంచి ఎగిరి పడుతుంటే మంచం తీసేసి, నేల మీద బొంత పరిచి చుట్టూ ఊక బస్తాలు పేర్చాను. "మొత్తానికి నన్ను నేల మీదికి తెచ్చావే" అని ఎగతాళి చేశాడు. చారు, నీళ్లు గొంతుకు అడ్డం పడుతుంటే జొన్న అంబలి చిక్కగా కాచి, నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కిందికి దించి చిన్న ముద్దలు పెట్టేదాన్ని. తినేటప్పుడు ఎవరినీ పలకరించనిచ్చేదాన్ని కాదు. గ్లాసు ఎప్పుడూ సగానికే నింపాలి, నిండా పోస్తే ఒలుకుతుంది, ఒలికితే ఆయనకు సిగ్గు, సిగ్గు వెనకే కోపం. ఎంత తిన్నా ఒళ్లు కరిగిపోయేది కనుక పూటకు రెండుసార్లు పెట్టేదాన్ని. మాట పోయాక కూడా తొలకరి వాసనకు తల తిప్పి చేను వైపు చూసేవాడు. చివరికి ఒక వానాకాలం నెమ్ము చేసి పోయాడు.

ఏడాది తిరక్కుండా కొడుక్కి సంబంధం వచ్చింది. తండ్రి దేనితో పోయాడని పిల్ల వాళ్లు అడిగారు. నెమ్ము అన్నాను. మా అత్తను నేను ఎన్ని మాటలన్నానో అన్నీ ఆ క్షణాన గుర్తొచ్చాయి, అయినా అంతకుమించి నోరు పెగల్లేదు.

ఆదివారం పెగిలింది. పొట్లం విప్పి తూములో పోసి, మీద చెంబెడు నీళ్లు కుమ్మరించి, మొదటి నుంచి అంతా చెప్పాను. కోడలు ఏడవలేదు. "మరి పాపకో?" అని తన కూతురి సంగతి అడిగింది. వాడికి లేకపోతే పాపకూ లేదు, వాడికి ఉంటే మళ్లీ బొమ్మా బొరుసే, అన్నాను. మూడు రోజులు నాతో మాట్లాడలేదు. కంచం నా ముందు పెట్టి వెళ్లిపోయేది. ఆమె తప్పేం ఉంది, నేను మా అత్తతో ఆరు నెలలు మాట్లాడలేదు. నాలుగో రోజు పాప రాతపుస్తకం తెచ్చుకుని ఎదురుగా కూర్చుంది.

"చెప్పు. మావయ్య ఎట్టా తినేవోడు, ఎట్టా పడుకునేవోడు, ఒక్కటి దాచకుండా చెప్పు."

రక్తంలో వచ్చేదని నేను దాచిన మాట వాడికి కోడలే చెప్పింది. వచ్చే వారం వాళ్లిద్దరూ గుంటూరు పోతున్నారు. రక్తపరీక్ష చేయించుకోవాలో వద్దో వాడి ఇష్టమట, ఎవరూ బలవంతం చేయకూడదట. అప్పటి ఎద్దులు లేవు, ట్రాక్టరు గీసిన గీతను ఎవరూ ఒంటికన్నుతో చూడటం లేదు. నాకు నోరు తిరగని పేరును కోడలు ఫోనులో వెతికి చదివి వినిపిస్తోంది. జబ్బు మాత్రం అదే. మా అత్తకు ఒక రాతపుస్తకం, రాసిపెట్టే మనిషీ ఉండి ఉంటే ఆయన ఆ చేదు తాగేవాడు కాదు కదా అని మనసు పీకుతుంది.

నిన్న మధ్యాహ్నం కొడుక్కి కోడలే మజ్జిగ ఇచ్చింది. ఉప్పు మాత్రమే వేసింది. గ్లాసు సగానికే నింపింది.