నామ్-ఎ-మన్ శంకరప్ప

తాండూరులో బండల వ్యాపారం చేసే శంకరప్పకు ఒకే ఒక్క పిచ్చి ఉండేది. ఎవరు ఎదురైనా ముందు ఫారసీలో తన పేరు చెప్పేవాడు, తర్వాత వాళ్ల పేరు అడిగేవాడు, పక్కన ఇంకెవరైనా ఉంటే వాళ్లను కూడా ఫారసీలోనే పరిచయం చేసేవాడు. అదంతా అయ్యేదాకా మాట ముందుకు కదిలేది కాదు. కొత్తవాళ్లతో మాత్రమే అయితే ఎవరూ పట్టించుకునేవారు కాదేమో. నిన్న పొద్దున చెప్పినవాడికే ఇవాళ పొద్దున మళ్లీ చెప్పేవాడు.

“నామ్-ఎ-మన్ శంకరప్ప అస్త్” అంటే నా పేరు శంకరప్ప అని. “నామ్-ఎ-షుమా చీస్త్?” అంటే మీ పేరేమిటని. “ఈన్ ఎల్లప్ప అస్త్” అంటే ఇతను ఎల్లప్ప అని. ఆయనకు వచ్చిన ఫారసీ ఇంచుమించు అంతే. చిన్నప్పుడు బడిలో ఇమాముద్దీన్ మున్షీ దగ్గర ఆ మాత్రం నేర్చుకుని, చదువు ఎక్కక, తండ్రి వెంట బండల గనికి పోయాడు. తర్వాత నిజాం రాజ్యం పోయింది, బడిలో ఫారసీ పోయింది, మున్షీ ఉద్యోగమూ పోయింది. సరిగ్గా ఆ భాషతో ఎవరికీ పని లేకుండా పోయిన రోజుల్లో, పందొమ్మిదివందల నలభైతొమ్మిదిలో, శంకరప్పకు ఆ పాఠం ఉన్నట్టుండి గుర్తొచ్చింది.

మొదట భార్య మొగులమ్మ ఎండదెబ్బ అనుకుంది. గనిలో నెత్తిన తువ్వాల లేకుండా తిరుగుతాడు కదా అని మజ్జిగ తాగించింది. మజ్జిగ తాగి, గ్లాసు కింద పెట్టి, తన పేరు శంకరప్ప అని ఆమెకు ఫారసీలో చెప్పాడు. పెళ్లయి పదేళ్లయిన మనిషి. దర్గాకు తీసుకుపోయి తాయెత్తు కట్టించింది. తాయెత్తు కట్టిన ముజావరుకు ఆమెను పరిచయం చేశాడు. ఇక లాభం లేదని వదిలేసింది గానీ, తిట్టడం మాత్రం వదల్లేదు.

దోమ అనే ఊరి నుంచి ఆమె తల్లి చుట్టపుచూపుగా వచ్చింది. శంకరప్ప లేచి, కాళ్లకు నీళ్లిచ్చి, కూర్చోబెట్టి, మొగులమ్మ వైపు చెయ్యి చూపించి “ఈన్ జన్-ఎ-మన్ అస్త్” అన్నాడు. ఏమంటున్నాడని ముసలమ్మ కూతుర్ని అడిగింది. ఈమె నా భార్య అంటున్నాడని మొగులమ్మ తల దించుకుని చెప్పింది. ముసలమ్మ కాసేపు ఆలోచించి, “నాకెర్కే బిడ్డా, కన్నది నేనే గదా” అంది.

వ్యాపారంలోనూ అదే వరస. పెద్దేముల్ నుంచి బీరన్న అనే రైతు పశువుల కొట్టంలో నేల మీద పరిపించడానికి బండలు కావాలని వచ్చాడు. శంకరప్ప తన పేరు చెప్పి, అతని పేరు చెప్పించి, బండలు ఎత్తే ఎల్లప్పను అతనికి పరిచయం చేసి, అతన్ని ఎల్లప్పకు పరిచయం చేశాడు. బీరన్న ఓపిక గల మనిషి. అంతా విని, “అన్నా, నేను బండలకొచ్చిన, సంబంధం చూడనీకి రాలే” అన్నాడు. అయినా బండలు అక్కడే కొన్నాడు. శంకరప్ప బండల్లో పగులు ఉండదని చుట్టుపక్కల అందరికీ తెలుసు.

ఓసారి భార్యాభర్తలు పెళ్లికని వికారాబాద్ వెళ్లారు. స్టేషన్లో షేర్వానీ వేసుకున్న ఒక పెద్దమనిషి బెంచీ మీద కూర్చుని ఉంటే శంకరప్ప ఆయన ముందు నిలబడి తన పేరు చెప్పుకున్నాడు. ఆ పెద్దమనిషి ముఖం వెలిగిపోయింది. ఫారసీ మాట చెవిన పడి ఎన్నాళ్లయిందో ఏమో, లేచి శంకరప్ప చేతులు పట్టుకుని గుక్క తిప్పుకోకుండా ఫారసీలో మాట్లాడాడు. మధ్యలో ఒక పద్యం కూడా చదివాడు. చదివి, జవాబు కోసం ఆశగా చూశాడు. శంకరప్ప గొంతు సవరించుకుని మళ్లీ ఒకసారి తన పేరు చెప్పాడు. అప్పుడు మొగులమ్మకు స్టేషన్ పక్కన ఆగిన గూడ్సు బండి ఎక్కి ఎటైనా వెళ్లిపోవాలనిపించింది.

కొత్తగా వచ్చిన ఇన్‌స్పెక్టరు ఈ మాటలు విని ఇదేదో గూఢచారి వ్యవహారమని ఠాణాకు పిలిపించాడు. ఒక పూటంతా కూర్చోబెట్టి అడిగాడు. ఎన్ని విధాల అడిగినా పేరు తప్ప ఇంకేమీ బయటికి రాలేదు. సాయంత్రానికి విసిగిపోయి వదిలేశాడు. మర్నాడు బజారులో శంకరప్ప ఎదురుపడి పేరు అడిగితే, ఇన్‌స్పెక్టరు చుట్టూ చూసి, గొంతు తగ్గించి, ఫారసీలో తన పేరు చెప్పి వెళ్లిపోయాడు. ఠాణా కన్నా అదే తొందరగా తెములుతుందని ఆయనకు అర్థమైంది.

ఊరికీ అలాగే అర్థమైంది. నవ్వుకుంటూనే అందరూ ఆ ముక్క నేర్చుకున్నారు. పాలమ్మే ఎంకమ్మ, ఆసుపత్రి ఆయా మార్త, చాకలి, మంగలి, కూరగాయలమ్మేవాళ్లు, అందరికీ వచ్చేసింది. కొందరు “అస్తు” అనేవారు, కొందరు “నామేమన్” అని కలిపేసేవారు. శంకరప్పకు “నామేమన్” అనే పేరే స్థిరపడింది. ఒక్క మొగులమ్మ నోట మాత్రం ఆ ముక్క వచ్చేది కాదు. ఇంట్లో ఒకరికి పిచ్చి ఉంటే చాలు, రెండోవాళ్లకు అక్కర్లేదు అనేది.

ఇమాముద్దీన్ మున్షీ ఇల్లు వీళ్ల వెనక సందులోనే. మట్టి గోడల పాత ఇల్లు. భార్య ఏనాడో చనిపోయింది, పిల్లలు లేరు. ఉద్యోగం పోయాక ఆయన ఇల్లు కదిలింది లేదు. తలుపు ఎప్పుడూ మూసే ఉండేది. చదువుకున్నవాడు కదా, గర్వం అనుకునేవారు కొందరు. శంకరప్ప మాత్రం రోజూ సాయంత్రం వెళ్లి కాసేపు కూర్చుని వచ్చేవాడు. పాత పంతులు మీద భక్తి అని మొగులమ్మ అనుకునేది. ఈ పిచ్చి అంటించింది ఆయనే కాబట్టి ఆమెకు ఆయన మీద కొంచెం కోపం కూడా ఉండేది. పండగ పూట వండినవి భర్త చేత పంపేది గానీ, ఎన్నడూ ఆ గడప దగ్గరికి వెళ్లలేదు.

అరవై ఒకటిలో వానలు విపరీతంగా పడ్డాయి. ముసురు పట్టి వదల్లేదు. శంకరప్ప ఒక ఇంటికి బండలు పరిపించే పని మీద వికారాబాద్ వెళ్లి అక్కడే చిక్కుపడిపోయాడు. ఒక పొద్దున మొగులమ్మ పొయ్యి అంటించుకుంటుంటే మార్త తడిసి ముద్దయి వచ్చింది. మున్షీ ఇంటి ముందుగోడ బయటికి ఒరిగిందని, ఆయన లోపలే ఉన్నాడని, పిలిస్తే పలకడం లేదని చెప్పింది.

మొగులమ్మ గోనెసంచి కప్పుకుని వెళ్లేసరికి సందు నిండా జనం. అందరూ మంచికే వచ్చారు. ఎల్లప్ప గోడకు దుంగలు ఊతంగా పెడుతున్నాడు. మిగిలినవాళ్లంతా తలుపు ముందు గుమిగూడి, మున్షీ సాబ్, ఇమాముద్దీన్ సాబ్, బయటికి రాండ్రి అని గొంతు చించుకుంటున్నారు. వాళ్లు గట్టిగా పిలిచేకొద్దీ లోపల ఏవో ఈడ్చిన చప్పుడు. పెట్టె, తర్వాత మంచం. ఆయన తలుపుకు అడ్డం పెడుతున్నాడు. తలుపు పగలగొడదామని ఎవరో అన్నారు. ఆ తలుపు చట్రం మీదే గోడ ఆగి ఉంది, తంతే ఇంటికప్పు మొత్తం ఆయన మీదికి దిగుతుందని ఎల్లప్ప ఒప్పుకోలేదు.

అప్పుడే పాల బిందెతో వచ్చిన ఎంకమ్మ ఆ కేకలు విని బిందె అక్కడే దించి, మొగులమ్మ చెయ్యి పట్టుకుని పక్కకు లాగింది. చెవి దగ్గర నోరు పెట్టి చెప్పింది. మున్షీ తమ్ముడు చాంద్‌పాషా దౌల్తాబాద్ దిక్కు ఒక పల్లెలో ఉండేవాడట. నలభైఎనిమిదిలో పోలీసు చర్య నాటి గొడవల్లో ఒకరోజు ఎవరో గుంపుగా వచ్చి, తలుపు దగ్గర నిలబడి, పేరు పెట్టి ఆప్యాయంగా పిలిచారట. ఊరివాళ్లే అనుకుని అతను తలుపు తీశాడు. ఆ తర్వాత అతన్ని ఎవరూ చూడలేదు.

“పిలిచినోళ్లు ఆయన పేరు చెప్పిన్రు గని, వాళ్ల పేర్లు చెప్పలే అక్కా” అంది ఎంకమ్మ. “అప్పటిసంది పేరు పెట్టి పిలిస్తే మున్షీ తలుపు తియ్యడు. బువ్వ లేకుంట పడున్నడు పాపం. మీ ఆయన పోయి తలుపు కొడితే లోపట్నుంచి మున్షీ ఎవరని ఫారసీల అడిగిండంట. ఈయనకు వచ్చిందే ఒక్క ముక్క, అదే చెప్పిండు. తలుపు తెరుసుకుంది. తెల్లారి నన్ను తోల్కొచ్చి ఇదే గడప కాడ నాకు నేర్పిండు.”

మొగులమ్మకు వాన చప్పుడు వినిపించడం మానేసింది. మరి ఊరందరి మీదా ఎందుకు రుద్దాడని అడిగింది.

“నేనూ అడిగిన. మనమిద్దరమే గట్లంటే మున్షీకి పిచ్చి లేసిందనుకుంటరు, ఊరంతా అంటే శంకరప్పకు పిచ్చనుకుంటరు, గదే నయం అన్నడు.”

మొగులమ్మ వెనక్కి తిరిగి, జనాన్ని నోరు మూసుకోమంది. ఆమె గొంతు ఎన్నడూ అంత గట్టిగా విననివాళ్లు కాబట్టి అందరూ ఊరుకున్నారు. తలుపు మీద మెల్లగా కొట్టింది. లోపలి నుంచి సన్నటి గొంతు, “కీస్త్?” అంది. ఎవరని.

“నామేమన్ మొగులమ్మ అస్తు” అంది ఆమె.

లోపల ఈడ్చే చప్పుడు ఆగింది. తర్వాత, “దీగర్ కీస్త్?” అని వచ్చింది. ఆమెకు అర్థం కాలేదు. ఇంకా ఎవరెవరున్నారని అడుగుతున్నాడని ఎంకమ్మ చెప్పింది. నిజమే కదా, ఆయన విన్నది ఒక్క గొంతు కాదు.

మొగులమ్మ పక్కకు చూసింది. భుజం దుంగకు ఆనించి నిలబడ్డవాణ్ణి చూపిస్తూ, లోపలి మనిషికి కనపడదని కూడా మరిచిపోయి, “ఈన్ ఎల్లప్ప అస్తు” అంది. ఎల్లప్ప తలుపు వైపు వంగి తన పేరు తనే ఇంకోసారి చెప్పాడు. “ఈన్ మార్త అస్తు.” మార్త చెప్పింది. “ఈన్ ఎంకమ్మ అస్తు.” తర్వాత ఒకరి తర్వాత ఒకరు ముందుకొచ్చి ఎవరి పేరు వాళ్లు చెప్పారు. మొదట వెనక ఎవరో నవ్వారు. వాళ్ల వంతు వచ్చేసరికి వాళ్లూ నవ్వడం మానేశారు. గోడ నుంచి మట్టి పెళ్లలు రాలుతూనే ఉన్నాయి. పేరు చెప్పకుండా ఎవరూ మిగల్లేదు.

లోపల మంచం ఈడ్చిన చప్పుడైంది. పెట్టె ఈడ్చిన చప్పుడైంది. గడియ తీసి మున్షీ వాకిట్లో నిలబడ్డాడు. సన్నగా, తెల్లగా, కళ్లజోడు చేత్తో పట్టుకుని. అంతమందిని చూసి వెనకడుగు వేయబోతుంటే మొగులమ్మ ఆయన చెయ్యి పట్టుకుని సందు మొదటికి నడిపించుకొచ్చింది. ఎల్లప్ప దుంగ వదిలేసి పక్కకు దూకాడు. గోడ మెల్లగా, అలసిపోయినట్టు, సందులోకి కూర్చుంది. దాని వెనకే ఇంటి కప్పులో సగం దిగిపోయింది.

మధ్యాహ్నం బండికి శంకరప్ప వచ్చాడు. స్టేషన్లోనే సంగతి తెలిసి పరుగున ఇంటికొచ్చి చూస్తే, మున్షీ శంకరప్ప మంచం మీద ఆయన దుప్పటి కప్పుకుని చాయ్ తాగుతున్నాడు. శంకరప్ప వంటింట్లోకి వెళ్లి నిలబడ్డాడు. మొగులమ్మ రొట్టె కొడుతోంది.

“ఎవలికి చెప్పకున్న ఎంకమ్మకు చెప్పినవ్. నాకు ఎందుకు చెప్పలే ఇన్నేండ్లు?” అంది, తల ఎత్తకుండా.

“నీకు చెప్తే నువ్వు తిట్టుడు బంద్ చేస్తుంటివి” అన్నాడు శంకరప్ప. “నువ్వు తిడుతుంటివి గాబట్టే ఊరు నమ్మింది.”

ఆమె రొట్టెను పెనం మీద వేసి, చేతి పిండి దులుపుకుని, భర్త వైపు చూసింది. తర్వాత తడి బట్టలతో వంటింట్లోకి వచ్చినందుకు తిట్టింది. ఆ తిట్టడంలో ఎప్పటి పస లేదని ఆయనకు తెలిసింది గానీ, వింటూ నిలబడ్డాడు.

ఇల్లు మళ్లీ లేచేదాకా మున్షీ వాళ్లింట్లోనే ఉన్నాడు. కొన్నాళ్లకు దుకాణం ముందుకు వచ్చి కూర్చోవడం మొదలుపెట్టాడు. దారిన పోయేవాళ్లు ఆగి తమ పేరు చెప్పేవారు. ఇన్నేళ్లూ తలుపు సందుల్లోంచి రెండు మూడు గొంతులు మాత్రమే విన్న ఆయనకు, ఊరు ఊరంతా ఫారసీని ఏం చేసిందో అప్పుడే తెలిసింది. పంతులు ప్రాణం, ఊరుకోలేకపోయాడు. కూరగాయల గంప నెత్తిన ఉన్న మనిషిని నిలబెట్టి “అస్తు కాదు, అస్త్” అని చెప్పించేవాడు. సరిగ్గా పలికేదాకా కదలనిచ్చేవాడు కాదు. బీరన్న ఇంకో బండి బండల కోసం వచ్చి, పలకలేక, ఎల్లుండి వస్తానని వెళ్లిపోయాడు.

బేరాలు పోతున్నాయని శంకరప్ప భార్య దగ్గర మొత్తుకున్నాడు. నాకేం సంబంధం, నీ పంతులే కదా అని ఆమె చాయ్ గ్లాసు పట్టుకుని మున్షీ దగ్గరికి వెళ్లింది. గ్లాసు అందించి వెంటనే తిరిగి రాలేదు. కొంగు సర్దుకుంటూ నిలబడి, చాలా రోజులుగా అడగాలనుకుంటున్న మాట అడిగింది.

“మున్షీ సాబ్, ఆ దినం నేను చెప్పింది సక్కగనే ఉండెనా?”

మున్షీ గ్లాసు పక్కన పెట్టాడు. పాఠం విషయంలో ఆయన ఎన్నడూ అబద్ధమాడలేదు. కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నాడు.

“తప్పులున్నయమ్మా” అన్నాడు. “తలుపు తీసినంకనే లెక్కబెట్టిన.”