ధార పోసిన బొమ్మ

మల్లీశ్వరి పేరెత్తితే మా ఊళ్లో సగం మంది ఉమ్మేస్తారు. ఆమె గురించి నేనే రాయాలి. తనకల్లు బస్సును మా ఊరి దాకా రప్పించింది ఈ చౌడప్పే. గుండ్రాళ్ల బడిలో అయిదు తరగతులు చదివి, రెండుసార్లు వార్డు మెంబరుగా గెలిచాను. వాన కోసం చేసే బొమ్మల పెండ్లికి మా నాయన తర్వాత పెద్దగా కూర్చునేది కూడా నేనే. కాబట్టి ఎవరు ఉమ్మినా నాకు లెక్కలేదు.

మల్లీశ్వరి కూలి చేసుకునే ఆంజినమ్మ కూతురు. కువైట్‌లో ఇంటిపనికి పోయింది. అక్కడి పిల్లలు పెద్దయ్యాక పారేసే బొమ్మలను ఏరి దాచుకుంది. సన్న నడుము, పొడుగు కాళ్లు, బంగారు జుట్టు, కుచ్చుల గౌను. ఊరికి వచ్చేశాక వాటినే బాగుచేసి బెంగళూరు వాళ్లకు ఫోన్లో చూపించి అమ్ముతోంది. చిక్కుపడ్డ జుట్టును సూదితో పాయలు పాయలుగా విడదీస్తుంది. మందుబిళ్లల డబ్బాలో గోరంత చెప్పులు దాచి, ఒంటి చెప్పుకు జోడు దొరికేదాకా కాచుకుంటుంది. ఊరు ఆమెకు పెట్టిన పేరు దెయ్యంబొమ్మల మల్లి. పిల్లకు జ్వరమొస్తే ఆ బొమ్మల చూపే తగిలిందంటారు.

ఆమె మొదటిసారి కువైట్ నుంచి వచ్చినప్పుడు, ఆంజినమ్మ ఎవరి చేలో పని చేసేదో ఆ తిమ్మప్ప చూడ్డానికి వచ్చాడు. తెరిచి ఉన్న బ్యాగులోంచి ఒక బొమ్మపెట్టెను ఎత్తుకున్నాడు. మా పాపకు అన్నాడు, పోయాడు. తిరిగి అడిగే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికుంది? పాపకూ దక్కలేదు. తిమ్మప్ప భార్య ఆ పెట్టెను షోకేసులో పెట్టి తాళం వేసింది. ఇన్నేళ్లూ అది విప్పకుండా అట్లాగే ఉంది.

విప్పని పెట్టె, మారని గౌను ఉంటేనే పాత బొమ్మకు విలువ. ఈ ఏడు మల్లీశ్వరి తిమ్మప్ప వాకిట్లో నిలబడి, మీరు చెప్పిన ధరకే కొంటానంది. పెట్టె విప్పొద్దనీ, ఆ బొమ్మకు పసుపు మరక పడితే జన్మకు పోదనీ కూడా చెప్పింది. అదే ఆమె చేసిన తప్పు.

"నీకు కావాలని తెలిసినాక ఎట్లిస్తానే?" అన్నాడు తిమ్మప్ప.

అప్పటికి ఆషాఢం దాటిపోతోంది, శెనిక్కాయ విత్తనాలు ఇంట్లోనే ఉన్నాయి. బొమ్మల పెండ్లి చేయాలని ఊరు తీర్మానించింది. ఎప్పుడూ పెండ్లికూతురు తిమ్మప్ప ఇంటి మట్టిబొమ్మే. ఈసారి మా పిల్ల కువైట్ పిల్ల అన్నాడు. అందరి ముందర పెట్టె చించి, ఒళ్లంతా పసుపు పూస్తానన్నాడు. మల్లి వచ్చి చూడాలని కబురు కూడా పంపాడు.

మల్లీశ్వరి నా దగ్గరికి వచ్చింది.

"మగపిల్లోని తరపు ఎవురు మామా?"

"పిల్లోని ఎవురు తెస్తే వాళ్లే."

"ధార పోసినాక పిల్ల యాడికి పోతాది?"

"మగపిల్లోని ఇంటికి. ఇంగ యాడికి?"

కొంగు దులుపుకుని వెళ్లిపోయింది.

పెండ్లినాడు అందరికంటే ముందు పందిట్లోకి వచ్చి కూర్చుంది. అమ్ముడుపోని ఒంటిచెయ్యి మగబొమ్మకు పంచె కట్టి, బాసికం పెట్టి తెచ్చింది. జనం నవ్వారు. అందరికంటే ఎక్కువ నవ్వింది తిమ్మప్పే.

"ఏమప్పా, చెయ్యి లేనోడా మా అల్లుడు?"

"చేతులుండేటోళ్లు ఏమి ఎత్తుకపోతారో చూసినాం గదన్నా," అంది మల్లీశ్వరి.

తిమ్మప్ప ముఖం గంటు పెట్టుకున్నాడు. ముందు పెండ్లి తంతు కానీ, పెట్టె తర్వాత చించుదాం, అది కూడా మల్లి కళ్లారా చూడనీ అనుకున్నట్టున్నాడు. పెట్టెను పీట మీద నిలిపి, చెంబు తీసుకుని, కన్యాదానం చేసినట్టు ఆమె దోసిట్లో నీళ్లు ధార పోశాడు. పోసి, పెట్టె మూత కింద బొటనవేలు దూర్చాడు. ఆమె రెండో కొస పట్టుకుంది.

"ధార పోసేస్తివి గదన్నా. ఇంగ పిల్ల మాది. నలుగు మా ఇంట్లో పెట్టుకుంటాం."

అతను వదల్లేదు. అట్ట కిర్రుమంది. ఆమె పట్టు సడలలేదు. తిమ్మప్ప నా వైపు చూశాడు, తన పక్షం మాట్లాడతానని. అతని మొహం చూసి, మల్లికి చెప్పిన మాట మార్చే రకం కాదు నేను.

"చెయ్యి తీయి తిమ్మప్పా. ధార పోసిన పిల్లను వెనక్కి గుంజే ఊర్లో వాన పడతాదా?"

జనానికి మల్లీశ్వరి మీద ప్రేమేమీ లేదు. వాన మీద ఉంది. ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు. అతను చెయ్యి తీశాడు. ఆమె పెట్టెను కొంగులో చుట్టుకుని, ఎవరికీ దండం పెట్టకుండా నడిచి వెళ్లిపోయింది.

వాన పడలేదు. నేను కూర్చున్న పెండ్లిళ్లలో వాన పడనిది అదొక్కటే. బొమ్మ బెంగళూరుకు పోయింది. కోడల్ని అమ్ముకున్నందుకే మబ్బు మొహం చాటేసిందని ఊరు కారాలు మిరియాలు నూరింది. తిమ్మప్ప ఆమె గడప ముందు నిలబడి అదే మాట అడిగాడు. ఆమె ఇంకో బొమ్మకు జుట్టు దువ్వుతూ తలెత్తలేదు.

"ఊరికే ఎత్తుకపోయినోనివి, అమ్మినోళ్లను అడిగేదానికొచ్చినావా?"

ఇప్పటికీ వాళ్లకు మాటల్లేవు. తిమ్మప్ప నన్ను చూస్తే దోవ మార్చుకుంటాడు. కానీ చేనుకు పోయే దోవను మార్చుకోలేడు, అది మల్లీశ్వరి ఇంటి ముందు నుంచే పోవాలి. ఒంటిచెయ్యి అల్లుణ్ణి ఆమె బాసికంతో సహా ఆ దోవ వైపు కిటికీలో నిలబెట్టింది.