తాళ్లెక్కేటాయన బిడ్డ

మా బాపు తాళ్లెక్కుతడు. పొద్దుగాల, పొద్దుమూకి తాటిచెట్లెక్కి కల్లు దింపుతడు. గింత చిన్న మాట స్వీడన్ల నోరు తెరిచి చెప్పనీకి నాకు ఏడాదిన్నర పట్టింది.

మొదటి రోజు క్లాసుల అందర్ని గుండ్రంగ కూసోవెట్టి, ఇంట్ల ఎవరేం జేస్తరో చెప్పుమన్నరు. ఒక పిల్ల వాళ్ల నాయన బస్సు నడుపుతడని చెప్పింది. ఇంకో పిలగాడు వాళ్లమ్మ దవఖానల నేల తుడుస్తదని చెప్పిండు. ఇద్దరు నవ్వుకుంటనె చెప్పిన్రు. నా వంతు అచ్చేవరకు "వ్యవసాయం" అని చెప్పి కూసున్న. మాకు ఎకరం పొలమున్నది గనక అది అబద్ధం కాదని నాకు నేనే సర్దిచెప్పుకున్న. గని మనసు చివుక్కుమన్నది.

నేను మాట పడేదాన్నేం గాదు. జగిత్యాలల డిగ్రీ చదివేటప్పుడు ఎనక బెంచీల కూసున్నోడొకడు కల్లు వాసనస్తుందని ముక్కు మూసుకుంటె, వాని చెంప మీద ఒక్కటిచ్చుకున్న. వారం రోజులు లొల్లయింది. గంత రోషమున్నదాన్ని, ఎవ్వలు ఏమనని కాడ ఎందుకు నోరు మూసుకున్ననో నాకే సమజ్ కాలే.

మాది సారంగాపూర్ దిక్కు ఊరు. మా దిక్కు విమానమెక్కుతున్నరంటె గల్ఫుకే. పాస్‌పోర్టు పనికి కోరుట్ల పోయినప్పుడు ఆటో నడిపే అన్న అద్దంల జూసుకుంట, "ఏడికి చెల్లె, దుబాయా, మస్కటా?" అనడిగిండు. స్వీడన్ అన్న. "ఖతర్ అవుతలనా?" అన్నడు. అవుతలనే, జర దూరం అన్న. ఆడ ఏం పని అంటె, అడివి గురించి చదువు అని చెప్పిన. ఆయన ఆటో పక్కకు ఆపి ఎనక్కి మర్రి సూశిండు. "మనకాడ లేదా చెల్లె అడివి?" అన్నడు.

ఆడికి పోయినంక నన్ను ముందుగాల పరేషాన్ జేసింది చలి గాదు, చప్పుడు లేకపోవుడు. సిరిసిల్లల మా చిన్నమ్మోళ్ల ఇంటికి రెండు దిక్కుల సాంచెలే. మరమగ్గాల చప్పుడు ఆగిందంటె ఆ గల్లీల పిల్లలు నిద్రల లేసి ఏడుస్తరు. నేను ఎండకాలం సెలవులన్ని గా చప్పుట్లనే గడిపినదాన్ని. ఈడేమొ మా హాస్టల్ వరండల పద్నాలుగు అర్రలుంటె ఒక్క మనిషి గొంతు ఇనరాదు. పక్క అర్ర పిలగాడు నేను బయటికెల్లి పోయేదాక తలుపు ఎనకనే నిలవడి, నేను పోయినంక బయటికి అస్తుండె. నన్ను జూసి భయమనుకున్న. కాదట, అది వాళ్ల మర్యాదట. ఒకనాడు దొరకవట్టి, "తిన్నవా?" అనడిగిన. మనకాడ అదొక పలకరింపు గదా. ఆయన కొద్దిసేపు ఆలోచించి, ఎన్ని గంటలకు తిన్నడో, ఏమేం తిన్నడో, అండ్ల ఉప్పెంత తక్కువైందో సుత చెప్పిండు. ఆ దినం సంది మేము దోస్తులం.

బస్సుల రెండు సీట్లకు ఒకరే కూసుంటరు. రైల్ల ఉత్తరం దిక్కు ఒక పగలంత పోతె రెండు ఊర్లు కనవడ్డయి, మిగిలిందంత చెట్లే. ఇంట్లకు పోయేటప్పుడు చెప్పులు బయటనే ఇడుస్తరు, గా ఒక్క కాడ మావోళ్లు యాదికచ్చిన్రు. అడివి ఎవ్వలిదైనా సరే, పండ్లు ఎవ్వలైనా ఏరుకోవచ్చట. ఇది చెప్తె మా అమ్మ నమ్మలే. "మరి కావలోడు ఏం జేస్తడు?" అన్నది.

రెండో ఏడు ఏప్రిల్‌ల మంచు కరుగుతున్నప్పుడు నా క్లాసు పిల్ల, ఆ బస్సు నడిపేటాయన బిడ్డ, నన్ను వాళ్ల అమ్మమ్మ ఊరికి తీస్కపోయింది. ఇంటెనక తెల్ల బెరడు చెట్లు ఉన్నయి. ముసలామె ఒక చెట్టుకు చిటికెనవేలంత బొర్రవెట్టి, గొట్టం పెట్టి, కింద సీస కట్టింది. అండ్లకు చుక్క చుక్క నీళ్లు పడుతున్నయి. చూసి నేను ఆడనే నిలవడిపోయిన. చెట్టు నీళ్లట, ఏడాదికి రెండు మూడు వారాలే అస్తయట. గ్లాసుల పోసిచ్చింది. తాగితె చెంబెడు నీళ్లల్ల చిటికెడు చక్కెర కలిపినట్టున్నది. మా పొద్దుగాలటి తీపి కల్లు ముందట అదేపాటి. గని ఆమె మురిపెం సూడాలె. ఏ చెట్టు ఎక్కువిస్తదో, బొర్ర ఎట్ల పూడ్వాలెనో, వాళ్లమ్మ తనకు ఎట్ల నేర్పిందో ఒక్కొక్కటే చెప్పుకచ్చింది.

నాకు ఒళ్లు మండింది. ఆమె మీద గాదు, నా మీద నాకే. గ్లాసు కింద పెట్టి చెప్పిన. "మా బాపు చేసేది గిదే పని. గిట్ల కింద నిలవడి గాదు. ఒక్క కొమ్మ లేని చెట్టు, నాలుగంతస్తుల ఎత్తు, ఒక్క తాడు మీద ఎక్కుతడు. దినానికి రెండు పూటల."

ముసలామె పొయ్యి మీదున్న కాఫీ మర్సిపోయింది. గంటసేపు చెప్పిచ్చుకున్నది. చెట్టును, మనిషి నడుమును కలిపి సుట్టే మోకు ఎట్లుంటది, కుండ ఎట్ల కడుతరు, గాలొస్తె ఎట్ల. ఎన్నడు చెప్పనిదాన్ని, కట్ట తెగినట్టు చెప్పిన. వచ్చే సోమవారానికి మా క్లాసంత మా బాపు ముచ్చటనే.

గదే నా మెడకు సుట్టుకున్నది. పైన్ చెట్లకు అస్తున్న ఒక తెగులు మీద నా ప్రాజెక్టు. దానికి చెట్టు కొసనున్న కొమ్మలు తెంపుకరావాలె. ఎక్కుడు నేర్సుకొని పరీక్ష పాసైనోళ్లకే ఆ పని ఇస్తరు. మా సారు నన్ను జూసి, "నీకేం, నువ్వు పుట్టుకతోనె ఎక్కేదానివి," అన్నడు. క్లాసంత నా దిక్కు సూస్తున్నది. నేను అవునని తలకాయ ఊపిన.

నేను జామచెట్టు సుత ఎక్కి ఎరుగ. మా ఇంట్ల ఆడోళ్లు తాళ్లెక్కరు. అమ్మ కింద కుండ అందుకుంటది, కల్లు వంచుతది, అమ్ముతది. మోకు ముట్టది. బాపు ఐతె నన్ను తాటివనంలకే రానియ్యకపోతుండె. నేను ఆరో తరగతిల ఉన్నప్పుడు ఆయన చెట్టు మీదికెల్లి పడ్డడు. తొడల రాడ్డు ఏసిన్రు. ఏడాది తిరిగేవరకు మళ్ల ఎక్కిండు గని, గప్పుడే అందరి ముందట చెప్పిండు, "నా పిల్లలెవరన్న మోకు ముట్టిన్రంటె నా మీద ఒట్టే."

రెండు వారాల్ల పరీక్ష. తప్పిననంటె ప్రాజెక్టు ఇంకొకరికి పోతది, నేను కొత్తది మొదలువెట్టాలె, చదువు ఏడాది ఎనకవడుతది. దాన్ని మించి, గంత గొప్పలు చెప్పి చెట్టు మొదట్ల నిలవడుడు.

నేర్పేటామెకు అరవై ఏండ్లుంటయి. పొట్టిది, గట్టిది, మాటలు తక్కువ. అచ్చే చలికాలం కొట్టేసే చెట్ల మీద మాకు నేర్పుతుండె. బూట్లకు ఇనుప మొనలు, నడుముకు వెడల్పు పట్టా, పట్టాకెల్లి చెట్టు సుట్టు తిప్పిన తాడు. ఆ తాడు జూడంగనె నాకు మోకు యాదికచ్చింది. యాదికస్తె ఎక్కుడస్తదా? ఇద్దరు మనుషులెత్తు పోయేవరకు కాళ్లు వణికినయి. చెట్టును రెండు చేతులతోని కావలిచ్చుకున్న. ఇనుప మొనలు జారినయి, గదుమ గీరుకపోయింది. మూడు దినాలు గదే తంతు. నాలుగో నాడు ఆమె నన్ను పక్కకు పిలిచి, "భయపడుడు తప్పు కాదు. కింద చేసే పని సుత ఉన్నది," అన్నది. తిట్టినా బాగుండు అనిపించింది.

బాపుకు ఫోన్ జేసిన. "చెట్టెక్కాలె బాపు, ఎట్లనో చెప్పు," అన్న.

"ఎవ్వలెక్కాలె?"

"నేనే."

"చదువుకొమ్మని గంత దూరం తోలితె, చెట్లెక్కిస్తుండ్రా? నేనేసిన ఒట్టు నీకు యాదికి లేదా?" అని ఫోన్ పెట్టేసిండు.

నాకు సుత తిక్క లేశింది. అమ్మ ఫోన్‌కు మాట రికార్డు జేసి పంపిన. "నేర్పితె నేర్సుకొని ఎక్కుత. నేర్పకుంటె నేర్వకుండనె ఎక్కుత. ఎక్కుడైతె ఆగదని చెప్పు."

తెల్లారి పగటీలి నేను క్యాంటీన్ల తింటున్న. మా ఊళ్లె అప్పుడు పొద్దు వాలుతది. వీడియో కాల్ అచ్చింది. తీస్తె సగం తెర అమ్మ బొటనవేలు, సగం తాటిచెట్టు మొద్దు. చెట్టు కాడ బాపు మోకు ఏసుకొని నిలవడ్డడు. నా దిక్కు సూడలే.

"ఒక్కసారే చెప్త, ఇనుకో," అన్నడు. "నువ్వు చెట్టును కావలిచ్చుకుంటున్నవ్ గద?"

"నీకెట్ల తెల్సు?"

"అందరు మొదలు గదే జేస్తరు. భయమైతె చెట్టు దగ్గరికి పోతరు. దగ్గరికి పోతెనె జారుతరు. ఎనక్కి ఒరుగు. నీ బరువంత మోకు మీద ఎయ్యి. ఎనక్కి ఒరిగితెనె కాళ్లు చెట్టును గట్టిగ తంతయి."

మోకు ముడి ఇప్పి మళ్ల ఏసి చూపిచ్చిండు, ఒరిగి చూపిచ్చిండు. నడుము చెట్టు దిక్కు తెచ్చి, మోకు జానెడు పైకి ఎగరేసి, మళ్ల ఒరిగి, కాళ్లు పైకి జరిపిండు. ఆగిండు. మళ్ల చూపిచ్చిండు. ఒక్కసారే చెప్తనన్నాయన పదిసార్లు చెప్పిండు. ఎప్పుడు రెండు నిమిషాల్ల ఎక్కేటోడు, ఆ దినం రాడ్డున్న కాలు మీద ఆగి ఆగి ఎక్కెవరకు పావుగంట పట్టింది. అమ్మ కిందికెల్లి "ఇగ చాలు, దిగు" అని మొత్తుకుంటనె ఉన్నది. నా ఎనక మా క్లాసు పిల్లలు ఒక్కొక్కలే అచ్చి నిలవడ్డరు. నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి, తుడుసుకుంటె ఎక్కడ ఏ అడుగు తప్పిపోతనో అని తుడుసుకోలే.

దిగినంక చెమట తుడుసుకొని, "కిందికి సూడకు, పైకి సూడకు. మోకు ఏడున్నదో గదొక్కటే సూడు. ఇగ పో," అన్నడు.

ఆ పొద్దటికెల్లి మిగిలిన దినాలన్ని నేనే ముందు పోయి అడివిల నిలవడుతుండె. ఎనక్కి ఒరుగుడు మాటల చెప్పినంత సులువు గాదు. కింద నేల ఉన్నదని ఒళ్లంత అరుస్తనే ఉంటది. మొదటిసారి ఒరిగినప్పుడు ప్రాణం అరచేతులకచ్చింది. గని మొనలు చెక్కల దిగినయి, కదలలే. బాపు చెప్పింది చెప్పినట్టే. నేర్పేటామె దూరంకెల్లి సూసింది.

పరీక్ష నాడు చలిగాలి కొడుతున్నది. నాకు ఇచ్చిన పైన్ చెట్టు తాటిచెట్టంత ఎత్తున్నది. తాడు సుట్టు తిప్పిన, కొక్కెం బిగిచ్చిన, రెండుసార్లు గుంజి చూసుకున్న. ఎనక్కి ఒరిగిన. నడుము దగ్గరికి, తాడు పైకి, మళ్ల ఎనక్కి, కాళ్లు పైకి. మోకు ఏడున్నదో గదొక్కటే చూసుకుంట పోయిన. చేతులు కాలినయి, కాళ్లు మాత్రం వణకలే. కొమ్మలు అందినయి. పట్టుకున్న. ఇంక పైకి పోయిన. ఇగ ఎక్కనీకి చెట్టు లేదన్న కాడ ఆగి గప్పుడు తలకాయెత్తి సూసిన.

అడివంత నా కాళ్ల కింద ఉన్నది. అవుతల చెరువు, దాని మీద ఇంక కరగని మంచు. గాలికి చెట్టు ఊగుతున్నది, నేను దాంతోని ఊగుతున్న. నాకు నవ్వచ్చింది. గొంతెత్తి నవ్విన. మా తాతలు, మా బాపు దినాం చూసే ఎత్తు, మా ఇంట్ల ఏ ఆడిమనిషి చూడని ఎత్తు, నేను చూసిన. కొమ్మలు కోసి సంచిల ఏసుకొని దిగిన.

నేర్పేటామె కాగితం మీద సంతకం పెట్టి కలం మూసింది. "రెండు వారాల కింద ఇదే అడివిల నువ్వు చెట్టుకు అతుక్కపోయినవ్. ఎవరు నేర్పిన్రు?" అనడిగింది.

"మా బాపు. ఫోన్ల."

"ఆయన ఎన్నేండ్ల సంది ఎక్కుతుండు?"

"ముప్పై ఐదేండ్ల సంది."

"నాకంటె పదేండ్లు పెద్దోడు ఈ పనిల," అన్నది. సంచికెల్లి ఒక తాడు తీసి నా చేతిల పెట్టి, ఆయన ఎట్ల కడుతడో చూపెట్టుమన్నది. నేను ముడి ఏసి చూపిచ్చిన. ఆమె గడ్డి మీద మోకాళ్లేసి కూసొని రెండుసార్లు ఏసి నేర్సుకున్నది.

హాస్టల్‌కు పోయి ఇంటికి ఫోన్ జేసిన. అమ్మ ఎత్తి, ఎక్కినవా అనడిగి, నేను అవునన్ననో లేదో ఫోన్ బాపు చేతిల పెట్టింది. మెచ్చుకుంటడేమొ, లేకుంటె ఒట్టు తప్పిచ్చినవని తిడుతడేమొ అని ఎదురుసూసిన.

"దిగుడు ఎట్ల దిగినవ్?" అన్నడు. ఆయన పడ్డది దిగేటప్పుడే.

చెప్పిన. తాడు ఎంతెంత దించిన్నో, ఏ కాలు ముందు పెట్టిన్నో, కొమ్మల కాడ ఎట్ల దాటిన్నో, అన్ని. ఆయన ఊ కొట్టుకుంట ఇన్నడు. ఒక కాడ ఆపి, "గాడ తొందరపడ్డవ్," అన్నడు. నిజంగనె తొందరపడ్డ.

ఆయన ఎనక మనుషుల మాటలు ఇనవడుతున్నయి. పొద్దుమూకంగ తాళ్లెక్కేటోళ్లంత కుండలు కడుక్కునే కాడ కూడుతరు. అచ్చినోడు అచ్చినట్టు ఒకరినొకరు అడిగేది ఒకటే ముచ్చట. ఆ పని చేసేటోళ్లనె అడుగుతరు, వేరేటోళ్లను అడుగరు. ముప్పై ఐదేండ్లల్ల మా అమ్మను ఎవ్వలు అడుగలే. నన్నెందుకు అడుగుతరు?

"ఇయ్యాల ఎన్నెక్కినవ్?" అనడిగిండు మా బాపు.

"ఒకటి. నువ్వు?"

"పద్దెనిమిది," అన్నడు. మళ్ల తనే, "ఒక్కటంటె ఏం పని బిడ్డా. రేపు రెండెక్కు," అన్నడు.