శుక్రవారం సోఫా

ఫుట్‌బాల్ ప్రపంచ కప్ అయిన మరుసటి ఏడాది, 2023. దోహాలో ఒక పునరావాస కేంద్రంలో పిల్లల ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్నాను. పిల్లల్ని ఎత్తి దించి సాయంత్రానికి నా నడుముకే ఎవరైనా థెరపీ చేస్తే బాగుండనిపించేది.

ఆలియాకు ఆరేళ్లు. కారు ప్రమాదంలో వెన్నుపాము దెబ్బతిని నడుము కింద స్పర్శ, కదలిక పోయాయి. తండ్రి ఇక్కడ ఏసీ మెకానిక్. తల్లి నస్రీన్‌ది కరీంనగర్ దగ్గర పల్లె. బడి తెరిచేలోపు ఆలియా ట్రాన్స్‌ఫర్ నేర్చుకోవాలి. అంటే చక్రాల కుర్చీలోంచి బల్ల మీదికి చేతుల బలంతో తనంతట తానే మారాలి. అది వస్తేనే చేర్చుకుంటామని బడివాళ్లు ఖరాఖండిగా చెప్పారు.

పిల్ల చురుకైనది, త్వరగానే పట్టుకుంది. కానీ ఇల్లు అలకగానే పండగ కాదుగా. ఇక్కడ సెలవులు శుక్ర, శనివారాలు. అవి అయ్యాక ఒక ఆదివారం చూస్తే పిరుదు మీద చర్మం చిట్లి ఉంది. ప్రెషర్ సోర్, కదలకుండా ఒకేచోట కూర్చుంటే ఒత్తిడికి పడే పుండు. స్పర్శ లేదు కాబట్టి పిల్లకు నొప్పి తెలియదు. మానేదాకా బోర్లా పడుకోవలసిందే. వారాలు పోయాయి. మానింది. మళ్లీ ఒక ఆదివారం అదే పుండు. పని మొదటికొచ్చింది, నాకు విసుగొచ్చింది.

“సెలవు రోజుల్లో ఇంట్లో ఏం చేస్తున్నారమ్మా?” అని అడిగాను.

నస్రీన్ తల వంచుకుంది. “శుక్రవారం జుమ్మా నమాజ్ అయినంక ఊరి నుంచి వీడియో కాల్ జేస్తరు మేడం. మా అమ్మీ, అక్కలు, ఒకరెనుక ఒకరు. దుబాయ్ దవాఖానల నయమైంది, నడుస్తున్నదని చెప్పినం. కుర్చీ కనబడొద్దని సోఫాల కూసోబెట్టి కాళ్లకు దుప్పటి కప్పుత. కదిలితే తెలుస్తదని కదలనియ్య.”

వాళ్ల ఊరికి ఖతర్ కూడా దుబాయే. కోపం వచ్చింది గానీ అరిచే ఓపిక లేదు. “కాల్ వస్తే కుర్చీలోనే ఉంచండి. లేదంటే బడి మాట మర్చిపోండి” అన్నాను.

పుండు మానాక ఒకరోజు థెరపీ మధ్యలో అమ్మమ్మ వీడియో కాల్ చేసింది. నస్రీన్ చేయి దుప్పటి కోసం వెతికింది. ఈలోగా ఆలియా, “నానీ, నన్ను సూడు!” అని అరిచి, కుర్చీలోంచి బల్ల మీదికి మారి కూర్చుంది.

ముసలామె ఫోన్‌కు ముఖం దగ్గరగా తెచ్చింది. “నడుస్తున్నదని ఇన్నొద్దులు అల్లాకు శుక్రియా చెప్పుకుంటున్న గదనే నస్రీన్! సరే, ఇగ పిల్ల బడికి పోవాలని అల్లాను అడుగుత.”

ఆలియా బడిలో చేరింది, పిల్లలందరికంటే ఆలస్యంగా. ఇప్పుడు కొత్త కేసు వస్తే వెన్ను ఎక్కడ దెబ్బతిందో ఫైలే చెబుతుంది. నేను మాత్రం శుక్రవారం సంగతి అడుగుతాను.