మా బావ పెట్టంటే పెట్టే

మా బావకు తెలియని విషయం ఈ ప్రపంచంలో లేదు. నమ్మకపోతే ఆయన సెలూన్‌కు వెళ్లి కూర్చోండి. గడ్డానికి నురగ రాసి, మెడ మీద కత్తి పెట్టి మరీ చెబుతాడు. ఆ స్థితిలో కాదనే మొనగాడు మా వీధిలో ఇంతవరకు పుట్టలేదు. ఎన్నేళ్లయినా కాదనేవాడు దొరక్కపోవడంతో తన మాటకు తిరుగులేదని ఆయన నిజంగానే నమ్మేశాడు.

నేను వాళ్ల మేడ మీద గదిలో ఉంటాను, బట్టలు కుడతాను. మా అక్క ఉంది కాబట్టి ఉంటున్నాను గానీ బావను చూసి కాదు. నా మిషను కిటికీ పక్కనే ఉంటుంది. కిటికీ కింద వాళ్ల పెరడు, పెరట్లో రేకుల పాక, పాకలో మా అక్క కోళ్లు. అందుకని ఇప్పుడు చెప్పేదాంట్లో చాలావరకు నేను కళ్లారా చూసిందే.

బావ విద్యలన్నిటిలోకీ పెద్ద విద్య, పసి కోడిపిల్లను చూసి పెట్టో పుంజో చెప్పడం. పిల్లను కాళ్లు పట్టుకుని తలకిందులుగా వేలాడదీస్తాడు. తల పైకెత్తి గింజుకుంటే పెట్ట, ఊరికే వేలాడితే పుంజు. ఎవరు నేర్పారని అడిగితే "అనుభవం" అంటాడు. పాకలో రెట్ట ఒక్కనాడు ఎత్తని మనిషికి, గింజలు ఒక్కపూట చల్లని మనిషికి కోళ్ల అనుభవం ఏ దారిన వచ్చిందో ఆయనే చెప్పాలి.

అక్క కోళ్లు పిల్లల్ని లేపినప్పుడల్లా బావ వాటిని వీధిలో పంచేవాడు. "పెట్టే! రాసిపెట్టుకో. గుడ్లు తిన్నప్పుడు నన్ను తల్చుకో" అని ఒక్కొక్కరి చేతిలో పెట్టేవాడు. మాది ఇరుకిళ్ల వీధి. పుంజు ఎవరికీ అక్కర్లేదు. గుడ్డు పెట్టదు, తెల్లారకముందే కూసి నాలుగిళ్లవాళ్లతో తిట్లు తినిపిస్తుంది. అందుకే బావ మాటకు అంత గిరాకీ. ఆయన పెట్టన్నది చివరికి పెట్టే అయ్యేది. వీధంతా ఆయన్ని కోళ్ల డాక్టరు అనేది. ఆయన అది బిరుదనుకుని మురిసిపోయేవాడు.

ఆయన గురి ఎందుకు తప్పేది కాదో చెబుతాను. మొట్టమొదటిసారి తప్పింది. టీకొట్టతను సెలూన్‌లో అందరి ముందూ నవ్వేసరికి బావకు తల కొట్టేసినట్టయింది. ఇంటికొచ్చి ఆ కోపమంతా మా అక్క మీద చూపించాడు. కంచం విసిరికొట్టాడు. షాపు తెరవకుండా, మూతి ముడుచుకుని, రోజుల తరబడి మంచం మీదే పడి ఉన్నాడు. ఒక్క కోడిపిల్ల కోసం! ఇలాంటి మనిషి చేతికి కత్తిచ్చి గడ్డాలు గీయమన్నవాళ్లది గుండె ధైర్యమే.

అప్పట్నుంచి అక్క ఒక ఏర్పాటు చేసుకుంది. ఎవరింట్లోనైనా పిల్లకు జుట్టు ఎర్రబడి పుంజు పోకడలు కనిపించగానే, ఆ ఇంటావిడ మధ్యాహ్నం పూట దాన్ని పెరటి గోడ మీంచి అందించేది. అక్క అదే రంగు పెట్టను వెతికి ఇచ్చేది. పుంజు సందు చివరి మాంసం కొట్టుకు పోయేది. పెట్టలు తగ్గాయేమని బావ ఎప్పుడైనా అడిగితే, "పిల్లి ఎత్తుకుపోయిందండీ" అనేది. మా అక్క చెప్పినవన్నీ తిని ఉంటే ఆ పిల్లి ఈపాటికి ఏనుగంత అయ్యుండాలి. వీధిలో ఆడవాళ్లందరికీ ఈ గుట్టు తెలుసు. మా అక్క మొహం చూసి ఎవరూ బయటపెట్టలేదు.

నాకు మాత్రం ఒళ్లు మండేది. "ఎన్నాళ్లు మోస్తావక్కా ఆయన గొప్పల్ని?" అంటే, "ఇంట్లో గొడవ లేకుండా ఉంటే చాల్లేవే" అనేది.

పెట్టల్ని అలా ఇచ్చేయడం ఆవిడకు సరదా అనుకోకండి. ఆ ఇంట్లో ఆవిడ గొంతు విని పరిగెత్తుకొచ్చే ప్రాణులు అవే. అడుగుల చప్పుడు వింటే చాలు, వచ్చింది కుంటిదో, బోసిమెడదో, చీటికీమాటికీ పొదుగుడుకొచ్చే నల్లదో చెప్పేస్తుంది. పొద్దున్నే పాక తలుపు తీసి, పీట వేసుకుని, దోసిట్లో నూకలతో వాటి మధ్య కూర్చుంటుంది. మా అక్క నవ్వడం నేను ఆ కాసేపే చూశాను.

ఈసారి పిల్లల్ని పంచాక కొన్నాళ్లకు ఊరవతల ఫారాల్లో బర్డ్ ఫ్లూ వచ్చింది. ఆటోకు మైకు కట్టి వీధివీధీ తిరిగి చెప్పారు. ఏ ఇంటి కోడి ఆ ఇంట్లోనే ఉండాలి. పైన కప్పు, చుట్టూ వల ఉండాలి. బయటి కోడిని లోపలికి తెస్తే ఆ ఇంట్లో ఉన్నవాటన్నిటినీ తీసుకుపోయి చంపేస్తారు. మాంసం కొట్లు మూయించారు. అక్క ఆ రోజే టార్పాలిన్ కట్టి, వల బిగించి, గోడ దగ్గరికొచ్చిన ఆడవాళ్లకు దండం పెట్టింది.

"ఇప్పుడు కాదమ్మా. ఇవన్నీ ఎత్తేశాక మార్చిస్తాను. అందాకా ఓపిక పట్టండి."

ఆడవాళ్లు ఓపిక పట్టారు. పుంజులు పట్టలేదు. బావ పంచిన పెట్టల్లో సగానికి పైగా గొంతులు సవరించుకుని వీధి ఆ చివర నుంచి ఈ చివర దాకా కూయడం మొదలుపెట్టాయి.

టీకొట్టతను సెలూన్ గుమ్మంలో నిలబడి, "ఏం డాక్టరు గారూ, మీరిచ్చిన పెట్ట గుడ్డు పెట్టాక కూస్తుందా, పెట్టకముందే కూస్తుందా?" అన్నాడట. కుర్చీలో ఉన్నవాడు నురగతోనే పకపకా నవ్వాడట.

సిగ్గూ బుద్ధీ ఉన్నవాడైతే తనూ నవ్వేసి ఊరుకునేవాడు. బావ వాతావరణం అన్నాడు, మేత అన్నాడు, మైకు విని కోళ్లు బెదిరాయన్నాడు. ఏదీ ఎక్కలేదు. తను పంచిన ఇళ్లలో కూత వినబడకపోతే తప్పు జరగనట్టే అనుకున్నాడు కాబోలు, ఒక మధ్యాహ్నం షాపు మూసి, తువ్వాళ్ల సంచీ పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాడు. పరీక్ష చేయాలని చెప్పి పుంజులన్నిటినీ పోగుచేసుకొచ్చాడు.

అక్క పాక తలుపుకు అడ్డంగా నిలబడింది. "ఏవండీ, మీకు పుణ్యముంటుంది, వద్దు. బయటి కోడిని తెస్తే మన పెట్టలన్నీ పోతాయి."

"బయటివేంటే? మన పాకలో పుట్టినవేగా! మనవి మనం తెచ్చుకుంటే ఎవడేమంటాడు?" అని ఆవిణ్ని పక్కకు తోసి లోపల వదిలాడు.

ఇక పాకలో రోజంతా రణరంగమే. పుంజులు ఒకదాన్నొకటి రక్తాలొచ్చేలా పొడుచుకున్నాయి, పెట్టల వీపులు బోసిపోయాయి. అక్క నాచేత గోనెసంచులు కలిపి కుట్టించి మధ్యలో తెర కట్టింది. బావ ఒక్కసారి కూడా అటు తొంగి చూడలేదు. ఆయన పరువు భద్రంగా ఉంది కదా.

తర్వాత పశువుల ఆస్పత్రి డాక్టరమ్మ ఇద్దరు సహాయకులతో వీధికొచ్చింది. ఇల్లిల్లూ చూసుకుంటూ మా పెరట్లోకి వచ్చేసరికి గోడ పొడుగునా జనం చేరారు. నేనూ కిందికి దిగాను. ఆవిడ ఒక్కో కోడినీ పరీక్షించింది. ఏ జబ్బూ లేదంది. అక్కకు ప్రాణం లేచొచ్చింది.

"పుంజులు ఇన్నున్నాయేంటమ్మా? అన్నీ ఇక్కడ పొదిగినవేనా?"

"అన్నీ ఇక్కడివేనమ్మా. నా చేతుల మీదుగానే పిల్లలయ్యాయి" అంది అక్క. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. గోడ అవతలి జనమంతా తలలూపారు. టీకొట్టతను కూడా ఊపాడు.

డాక్టరమ్మ బావ వైపు చూసి మామూలుగా నవ్వింది. "పిల్లలుగా ఉన్నప్పుడే పుంజులని పోల్చుకోలేకపోయారా?"

అంతే. ఆ మాటతో మా అక్క కొంప మునిగింది.

"నేనా? నేను పోల్చుకోలేనా?" బావ మొహం కందగడ్డయింది. "ఈ వీధిలో ఎవర్నైనా అడగండి! నేనిచ్చినవి నిఖార్సైన పెట్టలు. వీళ్లే ఎక్కడో మార్చేసుకున్నారు. ఇవసలు మా ఇంటివి కావు. మొన్న వీళ్ల ఇళ్ల నుంచి నేనే స్వయంగా తెచ్చాను!"

అక్క డాక్టరమ్మ చెయ్యి పట్టుకుంది. జీవితంలో మొదటిసారి నలుగురిలో గొంతెత్తింది. "ఆయన మాట నమ్మకండమ్మా. ఆయనకి పెట్టకీ పుంజుకీ తేడా తెలీదు. ఎప్పుడూ తెలీదు. ఇవి మావే."

ఎవరో కిసుక్కున నవ్వారు. అదే కొరివైంది. బావ గోడ దగ్గరికి ఉరికి, ఏ పుంజు ఎవరిదో వేలు పెట్టి మరీ చూపించాడు. చూపించిన ప్రతి ఇల్లాలూ "మాది కాదు" అంది. "మాకసలు కోళ్లే లేవు" అంది ఇస్త్రీ చేసే ఆవిడ. ఆవిడ కోడి ఆ క్షణాన ఆవిడ కాళ్ల దగ్గరే తిరుగుతోంది. వీధి వీధంతా అక్క పెట్టల కోసం అబద్ధమాడుతుంటే, జన్మలో నిజం చెప్పని మనిషి ఆ ఒక్కరోజూ నిజం చెప్పాడు.

డాక్టరమ్మ తల దించుకుంది. "ఇంటాయనే ఇంతమంది ముందు చెప్పాక వినలేదని ఎలా అనగలనమ్మా? ఎవరింట్లో పుట్టినా, బయటికెళ్లి తిరిగొస్తే బయటిదే."

సహాయకులు వల తీసుకుని పాకలోకి వెళ్లబోతే అక్క ఆపింది. "మీరు పట్టుకుంటే బెదురుతాయి" అని తనే లోపలికెళ్లి పిలిచింది. అవి నూకలనుకుని పరిగెత్తుకొచ్చాయి. ఒక్కోదాన్నీ చంకన పెట్టుకుని తెచ్చి వాళ్ల పెట్టెలో దించింది. నేను చూడలేక గోడ వైపు తిరిగి ఏడ్చాను.

ఆ సాయంత్రం అక్కను వదిలి మేడ మీదికి వెళ్లబుద్ధి కాక కిందే ఉన్నాను. బావ అన్నానికి కూర్చున్నాడు. ఆకలి ఏమాత్రం తగ్గలేదు.

"వీధంతా నవ్వేలా నన్ను అంత మాటంటావా?" అన్నాడు ముద్ద మింగుతూ. "ఇన్నేళ్లలో, ఆ మొదటిసారి తప్ప, నేను చెప్పింది ఎప్పుడైనా తప్పిందా? చెప్పు!"

అక్క గిన్నె కింద పెట్టింది.

"సగం తప్పేవండీ. తప్పినప్పుడల్లా నేనే గోడ మీంచి పుంజును తీసుకుని నా పెట్టనిచ్చాను. మీ మాట నిలబెట్టడానికి ఒక్కొక్కటే ఇచ్చుకుంటూ వచ్చాను. మిగిలినవి ఇవాళ మీరిచ్చేశారు."

ఈ మనిషి ఇప్పుడైనా ఆ పెట్టల గురించి ఒక్క మాటంటాడని ఎదురుచూశాను. నాకు బుద్ధి లేదు. ఆయన ఎంగిలి చేత్తోనే లేచాడు. వీధి తలుపు వేసి ఉందో లేదో చూసుకుని, గొంతు తగ్గించి అడిగాడు.

"ఈ సంగతి ఎవరెవరికి తెలుసు?"