సిస్టరమ్మ అడిగిన ఓటు

"టైలరూ, జర మిషన్ ఆపు" అన్నాడు బ్యాండు మాస్టరు ఫోనులో. పొద్దున్నే ఒక పెళ్లికొడుకు కోటుకు చేతులు ఎక్కిస్తున్నాను. ఆపాను. "సిస్టరమ్మ పోయింది" అన్నాడు. ఆ తరువాత ఇద్దరిలో ఎవరమూ ఫోను పెట్టెయ్యలేదు. ఆయన వైపు ఎవరో బూర ఊది చూసుకుంటున్నారు. నా వైపు ఫ్యాను తిరుగుతోంది.

మా సుబేదారి పేటలో పాతవాళ్లకు సిస్టరమ్మ ఎవరో చెప్పనక్కరలేదు. దవాఖానలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. సగం పేటకు ఆమే సూది వేసింది. మిగతా సగం, ఆమె గేటు తీసిన చప్పుడుకే జ్వరం తగ్గించుకుంది. ఆదివారం చర్చిలో పూజకు తెల్లచీర కట్టుకుని అందరికంటే ముందు బెంచీలో కూర్చునేది. ఇదంతా ఊరెరిగిన సంగతే. ఊరికి తెలియనిది ఒకటుంది. పూజ నుంచి వచ్చి, టీ తాగి, మధ్యాహ్నం అన్నం వేళ దాకా ఆమె తన వరండాలో కూర్చుని, ప్రపంచంలో అన్నిటికంటే గొప్ప హెవీ మెటల్ ఆల్బమ్ ఏదని మా ఇద్దరితో కొట్లాడేది.

హెవీ మెటల్ అంటే ఏమిటో తెలియనివారి కోసం ఒక్క ముక్క. గిటార్లకు కరెంటు పెట్టి, డ్రమ్ముల మీద పగబట్టినట్టు కొడుతూ, గొంతు చించుకుని పాడే ఇంగ్లీషు పాటలవి. మొదటిసారి వింటే రేకుల షెడ్డు మీద కంకర లారీ ఖాళీ చేసినట్టు ఉంటుంది. వినగా వినగా ఆ కంకరలో ఎవరో గోడ కడుతున్నట్టు తెలుస్తుంది. అంతదాకా ఓపిక నాకెట్లా వచ్చిందంటే, మిషను తొక్కేవాడికి ఆ వేగం అక్కరకొస్తుంది. ప్యాంటు పక్క కుట్టు ఒక పాటలో అయిపోయేది. మాటలు అర్థమయ్యేవా అని అడగకండి. నా బడి చదువు ఏడో తరగతితో ఆగింది. ప్యాంటు గుడ్డల అంచున అచ్చువేసిన అక్షరాలు కూడబలుక్కుని ఇంగ్లీషు నేర్చుకున్నవాణ్ణి. ఆ లెక్కన నాకు మిల్లుల పేర్లు తెలుసు గానీ పాటల మాటలు తెలియవు.

ఆమె మొదటిసారి నా కొట్టుకు వచ్చింది యూనిఫాం కుట్టించుకోవడానికి. టేపు మోగుతోంది. కొలతలు ఇస్తున్న మనిషి ఆగి, "ఏందది తమ్మీ?" అంది.

"పాటలక్కా."

"పాటలని నాకూ తెల్సు. నీ డబ్బాల ఒక దిక్కు గిటార్ ఇనొస్తలేదు. ఖరాబైంది, చూపించుకో."

చూపించాను. నిజమే. వైరు ఊడిపోయి ఉంది.

మూడోవాడు బ్యాండు మాస్టరు. పెళ్లిళ్లకూ చావులకూ బూర ఊదే మనిషి, వాళ్ల బ్యాండు డ్రెస్సులు నా దగ్గరే కుట్టించేవాడు. ఆయన శ్రుతి అంటే ప్రాణం పెట్టేవాడు. బరాత్‌లో జనం మీదపడి ఎగురుతున్నా ఒక్క తప్పు స్వరం ఊదలేదని ఆయన గర్వం. అది నిజం కూడా. "ఇత్తడి మెటల్ గాదా, మాదే అసలు హెవీ మెటల్" అంటూ వచ్చి కూర్చున్నాడు, ఇక లేవలేదు.

ముగ్గురికీ తలా ఒక ఆల్బమ్. నాది ఎర్ర అట్టది, పరుగెత్తే రకం. మాస్టరుది పుర్రె బొమ్మది. ఒకసారి ఇల్లు దీవించడానికి కొత్త ఫాదర్ వచ్చి ఆ పుర్రెను చూసి తెల్లబోయాడు. "నర్సును గద ఫాదర్, ఎముకలతోని నాకు ఫికరేంది?" అంది సిస్టరమ్మ. ఆయన దాని మీద కూడా నాలుగు చుక్కలు దీవెన నీళ్లు చల్లి వెళ్లాడు. అప్పటినుంచి మాస్టరు తన ఆల్బమ్‌కు ఫాదర్ ఓటు కూడా పడిందని వాదించేవాడు.

సిస్టరమ్మది గార్డు క్యాసెట్టు. ఖాజీపేట రైల్వే కాలనీలో ఒక రిటైర్డు గార్డుకు కాలు విరిగితే ఆమె ఇంటికి పోయి కట్టు మార్చేది. ఆయన దగ్గర విదేశీ రికార్డులుండేవి. వాటిని గడప దాటనిచ్చేవాడు కాదు. ఈమె తన టేప్ రికార్డర్ బస్సులో ఒళ్లో పెట్టుకుని తీసుకుపోయి, ఆయన పాటల పెట్టె ముందు పెట్టి, పాటలన్నీ ఎక్కించుకుని వచ్చింది. క్యాసెట్టు మీద రాసిన పేరు చెమటకు చెరిగిపోయింది. మాకు పేరుతో పని పడలేదు.

అందులో మూడో పాట ఉంది చూశారూ. నడుమ అన్నీ ఒక్కసారి ఆగిపోతాయి. గిటార్ లేదు, డ్రమ్ము లేదు. ఆ ఖాళీలో ఎక్కడో దూరాన బొగ్గింజను కూత మొదలై, దగ్గరికొచ్చి, పెరిగి పెరిగి, సరిగ్గా అది తెగేచోట డ్రమ్ములు పడతాయి. నేను వినగానే ఎర్ర అట్టను వదిలేసి ఆమె పార్టీలో చేరిపోయాను. ఇంజనును వాయిద్యంగా వాడుకున్న ఆ మనుషుల బుర్రకు దండం పెట్టుకున్నాం.

మాస్టరు మాత్రం ఒప్పుకోలేదు. "ఆ కూత సుర్ల లేదు. రెండు స్వరాల నడుమ జారిపడ్డది. సుర్ల లేనిదానికి నేను ఓటెయ్య."

ముగ్గురి ఓటూ పడితేనే గొప్ప ఆల్బమ్ అని షరతు పెట్టుకున్నాం. అందువల్ల ఆ తీర్పు ఏళ్ల తరబడి తేలలేదు. సిస్టరమ్మ తన పద్ధతిలో వాదించేది. పాట నడుస్తుండగానే మా ఇద్దరి మణికట్లు పట్టుకుని, రొమ్ముకు పిన్నుతో పెట్టుకున్న గడియారం చూసుకుంటూ నాడి లెక్కపెట్టేది. "గుండెను ఉరికించుడు గొప్ప గాదు. అది కుక్క ఎంటబడ్డా ఉరుకుతది. గుండెను ఆపి మల్ల నడిపియ్యాలె. గా కూత కాడ నీ నాడి ఆగింది మాస్టరూ, నా ఏలు కింద ఆగింది. నోటితోని అబద్ధం చెప్పు గని చెయ్యితోని చెప్పకు."

"నాడి నీకు దొంగసాక్ష్యం చెప్పింది, సిస్టరమ్మా" అనేవాడాయన.

ఇట్లా నడుస్తుండగా, ఈ మధ్యనే, నా మనవరాలు ఆ క్యాసెట్టు ముందు తన ఫోను పెట్టింది. ఫోను కాసేపు విని ఆల్బమ్ పేరు చెప్పేసింది. పిల్ల అసలు ఆల్బమ్‌నే ఫోనులో పెట్టింది. ముగ్గురం వరండాలో ముందుకు వంగి కూర్చున్నాం. మూడో పాట వచ్చింది. అన్నీ ఆగాయి. ఖాళీ. ఆ ఖాళీ అట్లాగే ఉండిపోయి డ్రమ్ములు పడ్డాయి.

కూత లేదు.

మళ్లీ పెట్టమన్నాం. లేదు.

మాస్టరు తొడ చరిచాడు. "చెప్పిన్నా లేదా? చెప్పిన్నా లేదా సుర్ల లేదని? అది పాట గాదు, ఖాజీపేట ఇంజన్! కిటికీల నుంచి జొరబడ్డది!"

సిస్టరమ్మ కళ్లు మూసుకుని కూర్చుంది. అప్పటికే ఆమెకు గుండె జబ్బు ముదిరింది, నాలుగడుగులు వేస్తే ఆయాసం. మాస్టరు గెలుపు నాకు ఏమాత్రం నచ్చలేదు.

"కిటికీ మూస్తనన్నడు గార్డు" అంది చివరికి. "నేనే వద్దన్న, ఉక్కపోస్తాందని. ఆ ఇంట్ల ఇంజన్లు ఒర్లని గడియ ఉంటదా, ఎవలికి యాదుంటది?" మళ్లీ తనే, "పాపం, వాళ్లకు ఖాజీపేట దొరకలే. ఖాళీ ఇడిసిపెట్టిన్రు" అంది.

నవ్వలేక చచ్చాం. ఆమె మాత్రం నవ్వలేదు. "నవ్వులాట గాదు, నేను ఓడలే. ఇగ చెప్పు మాస్టరూ, మన క్యాసెట్టుకు ఓటేస్తవా?"

"అసల్ల లేనిదానికి ఎట్లేస్త?"

"నా గుండె గూడ తాళం తప్పింది. అట్లని నన్ను లెక్కల కెళ్లి తీసేస్తవా?"

మాస్టరు టీ గ్లాసు అందుకున్నాడు.

"ఇగ ఇను" అందామె. "నువ్వు ఓటేసేదాక నేను పోను."

"అట్లనా?" అన్నాడాయన గ్లాసు కింద పెడుతూ. "అయితే ఎన్నటికీ ఎయ్య, పో."

ఆ తరువాత ప్రతి ఆదివారమూ ఆమె అడిగింది, ఆయన ఎయ్యనన్నాడు. మెట్లెక్కుతూనే "ఎయ్య" అనేవాడు, అడగకముందే. ఆమె మంచం దిగలేని వారం కూడా గుమ్మంలో నిలబడి అదే మాట అన్నాడు. ఆమె చెయ్యి ఊపి, "మంచిగున్నది, అట్లనే ఉండు" అంది. నేను కుట్టిన వాటిలో దేనికీ అంత గట్టి కుట్టు వెయ్యలేదు.

అయినా ఊడిపోయింది.

సమాధుల తోటకు మాస్టరు బ్యాండే వచ్చింది. ఆయన ఊదడం మానేసి చాలాకాలమైంది, కొడుకు నడిపిస్తున్నాడు. ఆరోజు మాత్రం బీరువాలోని పాత బూర తనే తీసుకుని వచ్చాడు. నేను కుట్టిన ఎర్రకోటు వేసుకున్నాడు, భుజాల దగ్గర వదులైపోయింది. ఫాదర్ ప్రార్థన చదివాడు. పెట్టె దించారు. బ్యాండు చర్చి పాట వాయించి ఆగింది. అందరూ తలలు వంచుకున్నారు. గుంట దగ్గర ఇద్దరు మనుషులు పారలు అందుకున్నారు. ఎక్కడా చప్పుడు లేదు.

ఆ ఖాళీలో మాస్టరు రెండడుగులు ముందుకు వేసి బూర ఎత్తాడు.

మొదట సన్నగా, ఎక్కడో దూరాన ఉన్నట్టు. తరువాత దగ్గరికొస్తూ, పెరుగుతూ, రెండు స్వరాల నడుమ జారి, అక్కడే ఆ జారినచోటే నిలబడి, మెడనరాలు తేలేదాకా.

"నాయినా, సుర్ తప్పింది" అన్నాడు కొడుకు కంగారుగా, గొంతు తగ్గించి.

ఆయన ఆపలేదు. నా వేళ్లు నా మణికట్టును ఎప్పుడు వెతుక్కున్నాయో తెలియదు. గుంట దగ్గరున్న ఇద్దరూ పారలు ఆపి, రైలు ఏ వైపు నుంచి వస్తోందోనని ఖాజీపేట దిక్కు తిరిగి చూస్తున్నారు.